కృపాకర్ చెప్పిన ధర

“ఐదు వేలా!” లక్ష్మీసౌజన్య బల్ల మీది వాచీని వెనక్కి లాక్కుంది. “ఆ డబ్బుకు కొత్త వాచీ వస్తుంది, దసరా పూజలకు చీరా వస్తుంది. కాస్త మెల్లగా నడుస్తోందని తెచ్చాను గానీ, ఇది చచ్చిపోలేదండీ.”

“నా ధర అంతేనమ్మా,” అన్నాడు కృపాకర్. “ఇష్టమైతే ఇవ్వండి, లేదంటే పట్టుకుపోండి.”

భవానీపూర్ సందులో, మేడమెట్ల కింద ఇరుక్కున్న ఆ వాచీల కొట్టులో, భర్త వెనక నిలబడి ఈ మాట విన్న డోర్కాస్‌కు ఒళ్ళు మండిపోయింది. సంత్రాగాఛిలోని ఇంటి నుంచి ఆమె పనిగట్టుకుని వచ్చింది ఈ సంగతి తేల్చుకోవడానికే. అద్దె బాకీ పడిపోయింది. నెలాఖరుకు కొట్టు ఖాళీ చెయ్యమని యజమాని కబురు పంపాడు. గిరాకీ లేదనీ, జనమంతా ఫోనుల్లోనే టైము చూసుకుంటున్నారనీ భర్త చెబితే ఇన్నాళ్ళూ నమ్మింది. తీరా వచ్చి చూస్తే గిరాకీకి లోటు లేదు. వచ్చినవాళ్ళను ఈయనే తరిమేస్తున్నాడు. ఇందాక ఒక బెంగాలీ పెద్దమనిషి, “దాదా, వాచీ బాగుచెయ్యమన్నాను గానీ నీ కొట్టు కొంటానన్నానా?” అని ఎగతాళి చేసి మరీ పోయాడు.

ఒకరి దగ్గర పైసా ఎక్కువ పుచ్చుకోకూడదు, చేసిన కష్టానికి పైసా వదులుకోకూడదు. డోర్కాస్ ఎరిగిన న్యాయం అదొక్కటే.

“ఏటండీ ఇది?” అంది. “శుభ్రం చేసి చుక్క నూనె వేసినందుకు ఐదు వేలా? మీ చేతికి కొమ్ములు మొలిచాయేటి?”

“రోజంతా వంగి కూచునేవాడికి తెలుస్తుంది దాని విలువ. పాతలా ఎనిమిది వందలకు ఎవడు చేస్తాడు?”

“నిరుటిదాకా మీరే చేశారు కదా!”

లక్ష్మీసౌజన్య వాచీని సంచిలో వేసుకుంది. “మీరూ మీరూ తేల్చుకోండి. నేను ఇంకెక్కడైనా చూసుకుంటాను.”

“ఆగు తల్లీ!” డోర్కాస్ అడ్డు వచ్చింది. “ఎనిమిది వందలే ఇవ్వు. చేయించి ఇచ్చే పూచీ నాది.”

“డోర్కాస్! నువ్వు కల్పించుకోకు.”

“ఎందుకు కల్పించుకోకూడదు? రేపు వీధిన పడితే నేనూ మీతోనే పడాలి కదా!”

“తీసుకోవద్దు. నీకు దణ్ణం పెడతాను.” కృపాకర్ చేతులు జోడించాడు.

లక్ష్మీసౌజన్య తటపటాయించింది. “ఆయనకు ఇష్టం లేనట్టుందండీ. ఇది మా నాన్నగారు పెట్టుకున్న వాచీ. పాడైపోతే మళ్ళీ రాదు.”

“పాడు చేసే చెయ్యి కాదమ్మా అది. ఈ సందులో ఎవర్నైనా అడుగు.”

ఆ మాటతో వాచీ బల్ల మీదికి వచ్చింది. లక్ష్మీసౌజన్య సాయంత్రం వస్తానని చెప్పి వెళ్ళిపోయింది.

“చూశారా?” డోర్కాస్ కొంగు బిగించి స్టూలు మీద కూర్చుంది. “న్యాయమైన ధర చెబితే ఎవరు పోతారు? ఇకనుంచి రోజూ నేనే ఇక్కడ కూచుంటాను. ఒక్కర్ని తరమండి, చూస్తాను.”

కృపాకర్ భూతద్దం కంటికి బిగించాడు. దీపాన్ని మీదికి లాక్కున్నాడు. వాచీని దాని కింద పట్టి ఒకసారి ఇటు తిప్పాడు, ఒకసారి అటు తిప్పాడు. కన్ను నులుముకుని మళ్ళీ చూశాడు. చివరికి భూతద్దం తీసి పక్కన పెట్టి, వాచీని భార్య అరచేతిలో ఉంచాడు.

“ధర ఎక్కువని తిట్టుకుని పోతే అదే మేలనుకున్నాను,” అన్నాడు. “దీని ముళ్ళు ఎక్కడున్నాయో నువ్వే చూసి చెప్పు, డోర్కాస్.”