మిగిలిన ఒక్క మాట

పక్షవాతం వచ్చి లేచాక ఎజ్రా నోట ఒక్క మాటే మిగిలింది: ఆమెన్.

నంద్యాలలో మాటల డాక్టరు దువ్వెన చూపించి, "ఇదేంది?" అని అడిగాడు.

"ఆమెన్."

తాళంచెవి చూపించాడు. అదీ ఆమెనే. రెండూ బల్ల మీద పెట్టి, "దువ్వెన తీసుకో" అంటే మాత్రం ఎజ్రా ఎడమ చేత్తో దువ్వెనే తీసుకుని తల దువ్వుకున్నాడు.

"మాట పోయింది గానీ తెలివి పోలేదమ్మా. మెదడులో ఆ రెండింటికీ చోట్లు వేరు" అన్నాడు డాక్టరు.

"మాటే లేకుంటే ఇంక తెలివి యాడుంటాది సార్?" అంది భార్య కృపావతి.

ఆళ్లగడ్డకు తిరిగొచ్చాక కూడా అంతే.

"అన్నం పెట్టేదా?"

"ఆమెన్."

"ఇప్పుడే వద్దా?"

"ఆమెన్."

కృపావతి విసుక్కుంటూ కంచం పెట్టేది. చర్చి సంఘంలో వాళ్లకు మాత్రం ఇది తెగ నచ్చింది. మాట పోయినా భక్తి పోలేదన్నారు.

ఆదివారం సాయంత్రం పాస్టరుతో సంఘమంతా వచ్చి ఎజ్రా మంచం చుట్టూ నిలబడింది. పాస్టరు కళ్లు మూసుకున్నాడు.

"ప్రభువా, నీ దాసునికి మాట లేదు, తెలివి లేదు. ఇంకా బాధ పెట్టకుండా ఇతన్ని త్వరగా నీ సన్నిధికి పిలుచుకో తండ్రీ."

అందరూ ఆమెన్ అన్నారు. అలవాటు కొద్దీ కృపావతి కూడా అంది.

ఎజ్రా గొంతు మాత్రం వినబడలేదు. అందరూ కళ్లు తెరిచారు.

"ఆమెన్ అనప్పా" అన్నాడు పాస్టరు.

ఎజ్రా పెదాలు గట్టిగా బిగించి, కృపావతి వైపు చూశాడు.