ముందు గదిలో ఎండుచేపలు

"నా యూనిఫాం పక్కనే ఆరబెట్టాలా వీటిని? కావాలనే చేస్తావు కదమ్మా నువ్వు!"

కూతురు డాబా మీది తీగ నుంచి తెల్లచొక్కా లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకుంది. తీగ కింద చాప మీద ఎండుచేపలు. తల్లి వాటిని ఒక్కొక్కటే తిరగేస్తూ, "ఎండ ఇక్కడే పడుతోంది మరి. నన్నేం చెయ్యమంటావు?" అంది.

"నిన్న నా పక్కన కూర్చునే పిల్ల బెంచీ మార్చుకుంది. అందరూ నన్ను 'ఎండుచేపల కూతురు' అంటున్నారు. నీకేం, పడేది నేను!"

తల్లి తలెత్తలేదు. "గుళిక వేసుకున్నావా?"

"వేసుకున్నా."

"ఏదీ, నాలుక చూపించు."

పిల్ల నాలుక చాపింది. అందులో సగం కోపం, సగం వెక్కిరింపు. వయసుకు తగ్గ ఎత్తు ఎదగలేదని ఇంట్లో అందరూ ఆమెను పిట్ట అంటారు. నోరు మాత్రం పిట్టది కాదు.

అప్పుడే మెట్లెక్కి వచ్చిన మేనత్త అంతా విన్నది. "అది అన్నదాంట్లో తప్పేముంది వదినా? అన్నయ్య జీతం మీ ముగ్గురికీ సరిపోతుంది. ముందు గదంతా చేపలు నింపుకుని, అవి అమ్మి నువ్వు కట్టిన మేడలేమున్నాయి? పోనీ, పరీక్షలయ్యేదాకా పిట్టని మా ఇంట్లో ఉండనీ. స్కూలుకి కూడా దగ్గర."

"వస్తానత్తా!" పిల్ల మొహం వెలిగిపోయింది.

"అదెక్కడికీ రాదు," అంది తల్లి.

"మందు సంగతి నేను చూసుకోనా? నా మేనకోడలు కాదా అది?"

"రాదన్నానా!"

తల్లి చేతిలోని చేప రెండు ముక్కలైంది. మేనత్త రెండు చేతులూ జోడించి, "నీ మొండితనానికో దండం తల్లీ," అని వచ్చిన దారినే దిగిపోయింది.

ఆ మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్ళాలి. ఆసుపత్రి రోజంటే తల్లికి అన్నం సహించదు. పిల్ల నీళ్ళు ఎక్కువ తాగితే కిడ్నీలు పాడయ్యాయనుకుంటుంది, తక్కువ తాగితే పూర్తిగా పాడయ్యాయనుకుంటుంది. డాక్టర్ రిపోర్టు చదువుతున్నంతసేపూ ఆమె ఆయన కనుబొమలనే చదువుతూ కూర్చుంది.

"బాగుంది," అన్నాడాయన. "సిస్టీన్ అదుపులోనే ఉంది. కిడ్నీలు నిలబడ్డాయి."



"అసలీ గుళిక లోపలికెళ్ళి ఏం చేస్తుంది డాక్టర్?" అడిగింది పిట్ట.

డాక్టర్ రెండు చేతుల వేళ్ళూ పెనవేసి చూపించాడు. "సిస్టీన్ అంటే ఇదీ. రెండు ముక్కలు గంధకంతో ముడిపడి ఉంటాయి. ఒంట్లో ప్రతి కణంలోనూ చిన్న చిన్న సంచులుంటాయి. వాటిలోంచి ఈ జంట బయటికి పోవడానికో తలుపుండాలి. నీకు పుట్టుకతోనే ఆ తలుపు పనిచెయ్యదు. అందుకని లోపలే పేరుకుని పలుకులు కడుతుంది. కళ్ళలో, కిడ్నీల్లో, అన్నిచోట్లా. ఈ మందు వెళ్ళి ముడి విప్పుతుంది. విడిపోయిన ముక్కలు వేరే తలుపుల్లోంచి బయటపడతాయి."

"మానేస్తే?"

"మళ్ళీ పేరుకుంటుంది. నీతోపాటే మందు మొదలుపెట్టిన అబ్బాయి ఒకడు ఎవరికీ చెప్పకుండా మానేశాడు. ఇప్పుడు డయాలసిస్‌కి వస్తున్నాడు."

"అయ్యో! ఎందుకు మానేశాడు?"

డాక్టర్ తల్లి వైపు చూశాడు. ఆమె సంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ ఆయన్నే చూస్తోంది.

"ఆ వయసు అలాంటిది," అన్నాడు.

"తిక్కవాడు! మింగడానికేం నొప్పి? నాకు మందుతో ఏ గొడవా లేదు డాక్టర్. గొడవంతా మా అమ్మ చేపలతోనే. మీరైనా చెప్పండి మానెయ్యమని."

డాక్టర్ చీటీ రాసిచ్చాడు. పిట్ట దాన్ని తీసుకుని మందుల కిటికీ దగ్గరికి వెళ్ళాక, "ఇంకెన్నాళ్ళు మోస్తారమ్మా?" అని అడిగాడు.

"అది మందు మింగినన్నాళ్ళూ బాబూ," అంది తల్లి.

తిరుగు బస్సులో పిట్ట కిటికీ పక్కన కూర్చుంది. "అమ్మా, నా కోసమైనా మానెయ్యవా?"

"మానను."

"అంటే నాకంటే చేపలే ఎక్కువన్నమాట."

పక్క సీటులోని ఆవిడ చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఛీ, ఏమిటీ కంపు?" అని అటూ ఇటూ చూసింది.

"నా దగ్గరేనమ్మా," అని తల్లి బస్సంతా వినబడేలా చెప్పింది. "ఎండుచేపలమ్ముతాను. ఎంత తోముకున్నా పోదు."

"బస్సెక్కే ముందైనా స్నానం చెయ్యొచ్చుగా?"

పిట్ట మొహం ఎర్రబడింది. ఇక ఇంటిదాకా తనతో మాట్లాడదని తల్లి అనుకుంది.

"చేసే వచ్చింది," అంది పిట్ట, ఆవిడ వైపు తిరిగి. "మా అమ్మ చేపలమ్ముతుంది, దొంగతనం చెయ్యట్లేదు. మీకంత ఇబ్బందైతే ముందు సీటు ఖాళీగా ఉంది, అక్కడ కూర్చోండి ఆంటీ."

ఆవిడ గొణుక్కుంటూ లేచి వెళ్ళింది.

కాసేపటికి పిట్ట తనంతట తనే గుళిక తీసి నీళ్ళతో మింగింది. అడక్కుండానే నాలుక చాపి చూపించింది.

"అత్త వాళ్ళింటికి వెళ్ళన్లే," అంటూ తల్లి భుజం మీద తల వాల్చింది. "నా చొక్కా మాత్రం వేరే తీగ మీద ఆరెయ్యి."

"చూద్దాంలే."

బస్సు కుదుపులకి పిల్ల నిద్రలోకి జారుకుంది. తల్లి ఆమెను ఇంకాస్త దగ్గరికి తీసుకుంది.

ఆ గుళికల కంపు కూతురి ఒంట్లోంచి రావడం మొదలయ్యాకే ఆమె ఎండుచేపలు అమ్మడం మొదలుపెట్టింది.