అతికించిన తలుపు

మా పెద్దాడు లారీతో సహా కనబడకుండా పోయి చాలా కాలమైంది. ఆ లారీ బొమ్మ చేసిపెట్టమని మా ఆవిడ అడిగింది. ప్లాస్టిక్ డబ్బాలు కోసి, అరచేతిలో పట్టేంత లారీ చేశాను. రంగుపొడి అద్ది టైర్లకు మట్టి, పైకప్పుకు దుమ్ము పట్టించాను. తుప్పు మాత్రం వేయనివ్వలేదు ఆమె.

"నిన్నగాక మొన్న కొన్న బండి. తుప్పెందుకు పడుతుంది?"

ఆ రాత్రి డ్రైవరు వైపు తలుపు ఊడిపోతుంటే, జిగురు చుక్క వేసి అతికించాను.

"తలుపు మూసేశావేంటయ్యా? పిల్లాడు దిగొద్దూ?"

"బొమ్మలోంచి దిగేవాడెవడే, పిచ్చిదానా!"

ఆమె నవ్వలేదు. కాసేపటికి బొమ్మ లారీ అద్దాలు లోపల తెల్లగా మసకబారాయి. నాకు భయం వేయలేదు. ఆ జిగురు ఆవిరి ప్లాస్టిక్ అద్దాన్ని అలాగే పాడుచేస్తుంది. తలుపు తెరిచి ఉంచి ఆరనివ్వాల్సింది, తొందరపడ్డాను. ఇక తుడిచినా పోదు.

దీపం దగ్గరకు జరిపాను. డ్రైవరు వైపు అద్దం మీద, మసక మధ్యలో, వెంట్రుకంత గీత తేటగా కనిపించింది. అది లోపలి వైపు ఉంది. ఎవరో వేలితో తుడిచినట్టుంది.

మా ఆవిడ బ్లేడు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"తీయవయ్యా. వాడికి ఊపిరాడొద్దూ?"

ఆ జిగురు పట్టిందంటే వదలదు. బ్లేడు దూరిస్తే తలుపు రాదు, క్యాబిన్ ముక్కలవుతుంది. ఆ మాట ఆమెకు చెప్పకుండా బ్లేడు పక్కన పెట్టాను.

ఇద్దరం చూస్తుండగానే మొదటి గీత పక్కన రెండో గీత పడింది. చాలా నెమ్మదిగా పడింది.