నిద్రగన్నేరు కింద టీచరమ్మ

బస్సు దిగిన ముసలాయన సందులోకి అడుగు పెట్టాడో లేదో, శిల్పి నారాయణాచారి ఎదురెళ్లి పట్టుకున్నాడు.

"చెట్టు కొట్టను దావీదు పంపిన మనిషివేనా? తొమ్మిదికి రమ్మంటే పదింటికా వచ్చేది!"

"నేను ఈ విగ్రహం కాడికి..."

"అదే అప్పా! చెట్టు దాని మీద పడకూడదు. దావీదు అంతా చెప్పినాడు గదా. బేగా రా."

ముసలాయన తలెత్తి చూశాడు.

నిన్నటి గాలివానకు నిద్రగన్నేరు వేళ్లు పెగిలి సందు మీదికి ఒరిగింది. ఒక పక్క కరెంటు తీగలు. ఇంకో పక్క ఉమామహేశ్వరమ్మ రేకుల ఇల్లు. సరిగ్గా చెట్టు కింద, నారాయణాచారి షెడ్డు వాకిట్లో, ఆరడుగుల నల్లరాతి విగ్రహం.

పాములపాడు బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి కన్నుమూసిన ఎలిజబెత్ టీచరమ్మది. శిష్యులందరినీ కూడగట్టి ప్రేమ్ సాగర్ అనే ఆయన చేయిస్తున్నాడు. రేపు పొద్దున ఆవిష్కరణ. చెట్టు కొట్టేస్తే గానీ సందులోకి క్రేన్ రాదు. ఈలోగా చెట్టే కూలితే నాలుగు నెలల పని ముక్కలు.

అది చాలదన్నట్టు, ముఖం కుదరలేదేమోనన్న గుబులు ఒకటి నారాయణాచారిని వారం రోజులుగా తొలుస్తోంది.

ముసలాయన చూపు విగ్రహం దగ్గరే ఆగిపోయింది.

"ఏందప్పా అట్ల చూస్తాండావ్? అయితాదా, కాదా?"

"అయితాది. చింతచెట్లెక్కి బతికినోణ్ని. ఏ చెట్టైనా ఒగటే."

"గొడ్డలి యాడ?"

"తేలేదు."

నారాయణాచారి నెత్తి కొట్టుకున్నాడు. "తాళిబొట్టు మరిచి పెండ్లికొచ్చినట్టుంది!"

ఉమామహేశ్వరమ్మ తన గొడ్డలి తెచ్చిచ్చింది. "నా రేకు పగిలిందంటే ఇంటిల్లిపాదీ నీ ఇంట్లోనే పండుకుంటాం ఆచారీ."

రాళ్లు లేపే మోకులు షెడ్డులోనే ఉన్నాయి. కరెంటు మాత్రం రెండింటి దాకే ఆపుతామన్నారు.

ముసలాయన చెప్పులు విడిచాడు. భుజం మీది ఎర్రంచు తువ్వాల తీసి విగ్రహం తలకు చుట్టబోయాడు.

"చేతులు తీయ్! ముఖం ముట్టుకోవద్దు. మరక పడితే పోదు."

"పొట్టు రాలి కండ్లల్లో పడతాదని..."

"రాతికి కండ్లు మండుతాయా? సరే, కప్పు. చెయ్యి మాత్రం తగలకూడదు."

చెయ్యి తగలకుండానే కప్పాడు.

చెట్టెక్కి, కొమ్మ కొసల నుంచి మొదలుపెట్టాడు. పై పంగలోంచి మోకు వేసి, కొమ్మకు కట్టి, ఆ తర్వాతే గొడ్డలి ఎత్తాడు. రెండో కొసను బండరాతికి రెండు చుట్లు తిప్పి నారాయణాచారి పట్టుకున్నాడు.

"వదులు... వదులు... నిలుపు!"

కొమ్మ నిదానంగా నేలకు దిగింది.

"ఇట్లయితే ఎప్పటికయితాది? మొదట్లో ఒక్క వేటెయ్యరాదా?"

"నువ్వు రాతిని మొదట్లో ఒక్క వేటేస్తావా అప్పా?"

నారాయణాచారి దిగిన కొమ్మకు మోకు విప్పాడు. గడియారం చూసుకున్నాడు. పదకొండున్నర. మళ్లీ చూసుకున్నాడు. పదకొండూ ముప్పై రెండు.

ఒంటిగంటకు అన్నిటికన్నా పెద్ద కొమ్మ మిగిలింది. తెగుతూనే గిర్రున తిరిగింది. ముసలాయన పంగలో నడుము ఆనించి, మోకును రెండు చేతులా వెనక్కి గుంజాడు. కొమ్మ విగ్రహానికి జానెడు దూరంలో ఊగి ఆగింది.

పై నుంచి కేక. "తగిలిందా? ఆయమ్మకు తగిలిందా?"

"రాతికేం కాలేదు! నీ మోచేయి చూసుకో, నెత్తుర్లు కారతాండాయి!"

రెండు కొట్టకముందే మొద్దులన్నీ గోడ పక్కన పేర్చి ఉన్నాయి. సందంతా ఎండ పడింది.

ముసలాయన కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు. సబ్బడిగి మళ్లీ కడుక్కున్నాడు.

"ఒక్కసారి ముఖం చూపిస్తావా అప్పా?"

నారాయణాచారి తువ్వాల అంచు పైకెత్తాడు. ముసలాయన చాలాసేపు చూశాడు.

"ఎడం చెంప మీద చిన్న గుంత పడుంటే బాగుండు. నవ్వేటప్పటి మాదిరి."

తొలుస్తున్న చోటే వేలు పెట్టినట్టయింది. నారాయణాచారికి ఒళ్లు మండింది.

"చెట్టు కొట్టేటోనికి చెంపల సంగతెందుకప్పా? వాళ్లిచ్చిన ఆధార్ ఫొటోలో గుంతా ల్యా, గింతా ల్యా. నీ కొమ్మల్లో నేనేమన్నా వంకలు పెట్టినానా?"

"అదీ నిజమే," అని ముసలాయన నవ్వాడు.

నోరు జారినందుకు ఎట్లాగో అనిపించి, నారాయణాచారి లోపలికెళ్లి పళ్లెంలో అన్నం పెట్టుకొచ్చాడు. వాకిట్లో ఎవరూ లేరు.

"బస్సుకు పోయినాడు," అంది ఉమామహేశ్వరమ్మ. "చూడాల్సింది చూసినాను, పోతానమ్మా అన్నాడు."

"కూలి గూడా తీసుకోకుండానా?"

ఫోను పొద్దున్నుంచి షెడ్డులోనే ఉండిపోయింది. అందులో ప్రేమ్ సాగర్ కాల్స్ రెండు, దావీదువి ఐదు. ముందు దావీదుకే చేశాడు.

"ఎత్తవేందీ ఆచారీ? మావోనికి జొరం. రేపు పంపిస్తా."

"మరి చెట్టు..." అంటూ నారాయణాచారి గోడ పక్కన పేర్చిన మొద్దుల వైపు చూశాడు.

అప్పటికే క్రేన్ సందులోకి వచ్చేసింది. మనుషులు విగ్రహం నడుముకు బెల్టు బిగించారు. ప్రేమ్ సాగర్ గబగబా వచ్చి, టీచరమ్మ తల మీది తువ్వాల తీసి, ఎర్రంచు చూసి ఆశ్చర్యపోయాడు.

"ఇది ఫ్రాన్సిస్ మామది గదన్నా, మా టీచరమ్మ ముఖం కుదిరిందో లేదో చెప్పి రమ్మని ఆమె మొగుణ్ని పొద్దున బస్సెక్కించింది నేనే!"