నిలబడని బాటిల్

“ఈ బాటిల్ నిలబడదండీ. అడుగున కాళ్లు పెట్టండని మొత్తుకుంతన్నాను, ఇంతన్నారా?” అంది రమాదేవి.

“నువ్వూరుకో. కాళ్లు పెడితే బరువెక్కిపోతాది,” అన్నాడు ఆమె మొగుడు పైడిరాజు, గుమ్మం వైపు బెదురుగా చూస్తూ.

గుమ్మంలో గణేశ్వరరావు చెప్పులు విడుస్తున్నాడు. ఈ దీవుల్లో మాయాబందర్ రేవుకు వెళ్లే ఓడల్లో క్యాంటీన్లన్నీ ఆయన చేతిలోనే ఉన్నాయి. ఆయన ఊఁ అంటే పైడిరాజు సోడా ఓడెక్కుతుంది. ఉహూఁ అంటే డెలానీపూర్‌లోని ఈ రేకుల షెడ్డుకు తాళం పడుతుంది.

గాజు సీసాలు ఓడకు చేరేసరికి సగం పగిలిపోతున్నాయని, పైడిరాజు టూరిస్టులు పారేసిన ప్లాస్టిక్ బాటిళ్లు ఏరించి, కడిగించి, కరిగించి కొత్త సోడా బాటిళ్లు చేస్తున్నాడు. చేతిలో ఉన్నట్టే ఉండదు, అంత తేలిక. పగలదు, కారదు. చిక్కల్లా ఒక్కటే. సోడాలోని గ్యాసు లోపలి నుంచి తన్ని తన్ని, చదునుగా ఉండాల్సిన అడుగు కాసేపటికి కుండ అడుగులా ఉబ్బుతుంది.

గణేశ్వరరావు నిండు బాటిల్ తీసుకున్నాడు. ఎండలో పెట్టించాడు. ఎడాపెడా కుదిపాడు. నేలకేసి కొట్టాడు. అది పేలలేదు.

“బఢియా! గట్టి పిండమేరా పైడిరాజూ. ఏదీ, బల్ల మీద పెట్టు.”

పైడిరాజు రెండు చేతులా పట్టుకుని బాటిల్‌ను బల్ల మీద పెట్టి, నిద్రపోయిన పసిపిల్లను దించినంత మెల్లగా వదిలాడు. నిలబడింది. ఊగింది. ఇంకా ఊగింది. ఠపీమని పడింది.

వేరే ఊళ్లో బాటిల్ పడితే జనం బాటిల్ వంక చూస్తారు. ఇక్కడ నేల వంక చూస్తారు. సునామీ వచ్చి మూడేళ్లు దాటినా, ఆ వీధిలో చాలా ఇళ్లలో గూట్లో ఓ సీసాను తలకిందులుగా నిలబెట్టే ఉంచారు. అది పడిందంటే నేల కదిలినట్టే లెక్క.

“భూకంప్! భూకంప్!” అని కేక పెట్టింది సోడా కోసం వచ్చిన ముసలి కాళమ్మ. “లెగండ్రా నాయనా! కొండెక్కండి, జల్దీ!”

అంతే. గణేశ్వరరావు చెప్పులు కూడా మరిచి లంఘించాడు. వెనకాలే వీధి వీధంతా కదిలింది. తాగడానికేమీ లేకుండా కొండెక్కితే ఎలా ఉంటుందో సముద్రం పైకొచ్చిన నాడే అందరికీ తెలిసొచ్చింది కాబట్టి, పోతూ పోతూ ప్రతివాళ్లూ షెడ్డు ముందున్న పెట్టెల్లోంచి తలో సోడా లాక్కుపోయారు. పైడిరాజూ పరిగెత్తాడు. నేల కదల్లేదని, పడింది తన బాటిలేనని సగం కొండెక్కాక గానీ అతనికి గుర్తు రాలేదు.

ఎండ నడినెత్తికి వచ్చింది. ఒక్కరూ దిగరు. కాళమ్మ సముద్రం వైపే చూస్తూ, చెంగు నోట్లో కుక్కుకుని వణికిపోతోంది.

“ఈపాలి ఎవుల్ని అట్టుకుపోతాదో,” అంది.

పైడిరాజు మనసు కలుక్కుమంది. తను నోరు మూసుకుంటే చాలు, తప్పంతా నేల మీదకు పోతుంది. భూకంపానికి ఏ బాటిలైనా పడుతుంది కదా! కానీ ఆ ముసలామె వణుకు చూస్తూ ఊరుకోవడం అతని వల్ల కాలేదు. జాలీ వేసింది, సిగ్గూ వేసింది.

“పిన్నమ్మా, భూకంపం నేదు, ఏటీ నేదు. నా బాటిల్ అడుగు ఉబ్బిపోయింది. అందుకే పడింది. మాఫ్ చెయ్యండి,” అనేశాడు.

కాళమ్మ ముందు ఏడ్చింది. తర్వాత నవ్వింది. ఆ తర్వాత చెప్పు తీసింది. మిగతావాళ్లు తెలుగులో కొన్ని, హిందీలో కొన్ని తిట్లు అందుకున్నారు.

గణేశ్వరరావు మాత్రం జనం చేతుల వంకే చూస్తున్నాడు.

“అరే భయ్యా, ఇంతసేపూ ఎవరూ బాటిల్ కింద పెట్టలేదేం?” అని పక్కనున్న వీధివాడు పోలిరాజును అడిగాడు.

“పెడితే దొర్లిపోతాది కదా సాబ్,” అన్నాడు పోలిరాజు. “మూత తీసినాక చేత్తో ఎంతసేపని అట్టుకుంతాం? గటగటా తాగేసినాం. ఇంకోటుంటే ఇప్పించండి.”

గణేశ్వరరావు మొహం చేటంత అయింది. పైడిరాజు భుజం మీద ఒక్క చరుపు చరిచాడు.

“పైడిరాజూ! నా క్యాంటీన్లో ఒక్కోడు ఒక్క సోడా కొని, ఎదురుగా పెట్టుకుని మాయాబందర్ దాకా కుర్చీ ఖాళీ చెయ్యడు. ఇదైతే కింద పెట్టలేడు! తాగాలి, లేవాలి, లేదా ఇంకోటి కొనాలి! ఆర్డరు నీదే. కానీ షరతు ఒక్కటి. ఒక్క బాటిల్ కూడా నిలబడకూడదు. నిలబడిందా, సరుకంతా వాపస్!”

“ఒక్కటీ నిలబడదు సాబ్! నాదీ గ్యారంటీ!” పైడిరాజుకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఈ బాటిల్ గురించి ఇంత ధీమాగా అతనింతవరకు ఏ మాటా చెప్పలేదు.

అంతలో రొప్పుతూ రోజుతూ రమాదేవి కొండెక్కి వచ్చింది. చేతిలో సోడా నింపిన బాటిల్ ఉంది. జనాన్ని తోసుకుని వచ్చి, దాన్ని గణేశ్వరరావు ముందున్న బండ మీద ఠంగుమని పెట్టింది. అది ఇంచు కూడా కదల్లేదు.

“సూడండి సాబ్! మీరంతా ఇటు పరిగెట్టగానే అచ్చులు చేసే మా యర్రయ్యని పిలిపించి, బాటిల్ అచ్చు అడుగంతా దొలిపించి ఐదు కాళ్లు పెట్టించేసినాను. ఇంక నిజం భూకంపం వచ్చినా మా బాటిల్ పడదు!”