ఎంగిలి పైపు

“తిన్నె ఎక్కవద్దని చెప్పురా వానికి,” అంది రుక్మణి. మెకానిక్కు వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. వాడికి వినబడాలనే అంది.

కొడుకు సుందరరాజా తల వంచుకున్నాడు. “అన్నా, బండి షెడ్డులో ఉంది.”

“మెకానిక్కును అన్నా అనేదేమిరా? నీ మర్యాద నీ దగ్గరే పెట్టుకో. పని చెప్పు, చాలు.”

మెకానిక్కు చెప్పులు వాకిట్లో విడిచి, పెరటి దారిన షెడ్డుకు నడిచాడు.

తెల్లవారగానే మదురై నుంచి అల్లుడి తంతి వచ్చింది. రుక్మణి కూతురు రంగనాయకికి తొలి కాన్పు. బిడ్డ అడ్డం తిరిగింది. సాయంత్రం నాలుగులోగా ఆపరేషన్ కావాలి. ఆ పిల్లేమో, అమ్మ వస్తేగాని ఒంటిమీద కత్తి పడనివ్వనని ఆస్పత్రి మంచం పట్టుకుని కూర్చుంది.

పోవడానికి బస్సు లేకనా? సేత్తూరు మీదుగా వచ్చే బస్సు రాజపాళయంలో ఆగే పోతుంది. కానీ రుక్మణమ్మగారు బస్సెక్కరు. పక్కన ఎవరు కూర్చుంటారో, ఏమి తిని కూర్చుంటారో! కన్నకూతురి ప్రాణం మీదికి వచ్చినా మడి మడే. అబ్బో, గొప్ప మడి!

కారుంది. యుద్ధానికి ముందు రుక్మణి మొగుడు పెద్దరాజా కొన్నది. ఆయన పోయాక రెండేళ్ళుగా షెడ్డులో పడి ఉంది. పొద్దున సుందరరాజా డబ్బాతో పెట్రోలు పోస్తే, పోసింది పోసినట్టు నేలపాలైంది. రాగి పైపు చీలిపోయింది. రబ్బరు గొట్టాలు అప్పడాల్లా విరిగాయి. బజారులో ఇద్దరు మెకానిక్కులు వచ్చి చూసి, ఈ బండి లోగుట్టు తెలిసినవాడు ఊళ్ళో ఒక్కడేనని చెప్పి తప్పుకున్నారు. ఆ ఒక్కడే వీడు.

వాడు బండి కింద దూరి, బయటికి వచ్చాడు. “అమ్మా, ట్యాంకు నుంచి పంపు దాకా కొత్త పైపు వేయాల. రెండు గంటలు పట్టును.”

“అమ్మా గిమ్మా అనకు. చేతులు ఆడించు.”

ఆవిడ షెడ్డు గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఊరికే కూర్చుంటే ఆవిడ రుక్మణి ఎందుకవుతుంది? పక్కన కోడలు గోమతిని నిలబెట్టుకుంది. కోయంబత్తూరులో పెరిగిన పిల్ల, కాపురానికి వచ్చి ఇరవై రోజులైంది.

“సీటు తాకుతాడేమో చూస్తా ఉండు గోమతీ. ఆ చేతులు చూడు, తారు డబ్బాలో ముంచినట్ల.”

వాడు కొత్త పైపును కొలిచి కోశాడు. అంచులు ఆకురాయితో అరగదీశాడు. ఇత్తడి నట్టు తొడిగి కొస వెడల్పు చేశాడు. పైపు నలగకుండా మోకాలికి ఆనించి మెల్లగా వంపు తిప్పాడు.

“ఒక గొట్టం తగిలించేదానికి ఇంత కూత్తా, వీధినాటకం ఆడినట్ల?” అంది రుక్మణి. తంతి కాగితం మాత్రం చేతిలో నలిగి నలిగి పీలికైంది.

మధ్యలో వాడు మంచినీళ్ళు అడిగాడు. “చెంబు తగలనీకు,” అని కోడలికి చెప్పింది. గోమతి పైనుంచి పోసింది. వాడు దోసిలి పట్టి తాగాడు.

పన్నెండైంది. పైపు మొత్తం అమరింది, పంపు దగ్గరి కొస ఒకటే మిగిలింది. సుందరరాజా ఇంకో డబ్బా పెట్రోలు పోశాడు. ట్యాంకులో పెట్రోలు పిలిస్తే రాదు. ఎవరో ఒకరు ఆ కొసను నోట పెట్టి లాగాలి. వాడు పైపు కొసను గుడ్డతో తుడిచి నోటి దగ్గర పెట్టుకున్నాడు.

“ఆపు!” రుక్మణి కుర్చీలోంచి లేచింది. “కులం కాని ఆ సత్రపట్టి పూంగొడిని కట్టుకుని, అది వండిన కూడు తినే నోరు అది. నువ్వు ఎంగిలి చేసిన పైపుతో నడిచే బండిలో నేనెక్కాల్నా? సుందరా, నువ్వు పీల్చరా!”

“పెట్రోలుకు ఎంగిలేమి అమ్మా?”

“పీల్చరా అంటే!”

సుందరరాజా పీల్చాడు. నోటినిండా పెట్రోలు పడింది. భళ్ళున కక్కాడు. పైపు చేజారి లోపల గాలి నిండింది. రెండోసారీ అంతే. మూడోసారి కళ్ళు తిరిగి నేలమీద చతికిలబడ్డాడు. గోమతి ఏడుపు మొహం పెట్టింది.

పన్నెండున్నర.

మెకానిక్కు కింద పడిన పైపు కొస తీసి మళ్ళీ తుడిచాడు. ఆవిడ వైపు సూటిగా చూశాడు. “నిప్పుకు ఎంగిలి లేదు. లోపలికి పోయినదంతా కాలిపోవును. అక్కడ రంగనాయకి కాచుకుని ఉంది.”

రుక్మణి చేతిలోని తంతి కాగితం చూసుకుంది. మొహం అవతలికి తిప్పుకుంది. మళ్ళీ కుర్చీలో కూర్చుంది ఆ మహాతల్లి.

వాడు ఒక్క గుక్కలో లాగాడు. తుపుక్కున ఉమ్మి నట్టు బిగించాడు. ముందుకు వెళ్ళి హాండిల్ తిప్పాడు. నాలుగో తిప్పుకు ఇంజను దగ్గుతూ లేచింది. కింద ఒక్క చుక్క కారలేదు.

“ముందు పసుపునీళ్ళు చల్లు గోమతీ,” అని, చల్లించాకే ఎక్కి కూర్చుంది రుక్మణి. మెకానిక్కుకు ఒక మంచిమాట లేదు. పొమ్మని కూడా అనలేదు. సుందరరాజా మొహం కడుక్కుని స్టీరింగు ముందు కూర్చున్నాడు.

కారు గేటు దాటింది. అత్త పక్కన కూర్చున్న గోమతి వెనక అద్దంలోంచి చూసింది.

“ఎవరత్తా ఆయన? ఇంకా అక్కడే నిలుచుకుని చూస్తా ఉన్నాడు.”

రుక్మణి వెనక్కి తిరగలేదు.

“నీ మొగునికంటే ముందు నా పాలు తాగిన నోరు అది.”