ఊడవని వాకిలి

“చీపురు అక్కడ పెట్టు.”

గడపలోంచి అత్తగారు నాంచారమ్మ అన్న మాటకు రమణ వంగినది వంగినట్టే ఆగిపోయింది. ముందు వాకిలంతా ఎండిన మామిడాకులు, గంపలు కట్టగా మిగిలిన వరిగడ్డి, నలిగిన రసాల పళ్ళ మీద ముసిరిన ఈగలు. వాటి మధ్య ఆమె మొగుడు బుచ్చయ్య బండి చక్రాల జాడ ఇంకా చెరగలేదు.

“ఊరెళ్ళినవాళ్ళు పొలిమేర దాటేదాకా ఊడవకపోతే చాలంటారు గదా అత్తయ్యా. ఆయన దాటి ఎన్నాళ్ళయింది?”

“అది పక్కూరు పోయినవాళ్ళ సంగతి. వీడు కాయలేసుకుని తిరువూరు దాటి నైజాం అంచుకి పోయాడు. అక్కడ గొడవలని సంతలో అందరూ చెప్పుకోవటంలా? నా కొడుకు తిరిగొచ్చేదాకా ఈ వాకిట్లో చీపురు ఆడకూడదు.”

బండి కదిలినప్పటినుంచీ నాంచారమ్మకు కంటిమీద కునుకు లేదు. కళ్ళు మూస్తే చాలు, వాగులో కూరుకుపోయిన చక్రం, బెదిరిన ఎద్దులు, నడినెత్తిన ఎండ, సరిహద్దులో తుపాకులు. వాటిలో దేన్నీ ఆమె ఆపలేదు. చీపురునొక్కదాన్నే ఆపగలదు.

దడి మీదుగా పక్కింటి సూర్యకాంతం తొంగిచూసింది. “ఏంటి పిన్నీ, మీ ఇంట్లో చీపురు అరిగిపోయిందా, కోడలి నడుం పట్టేసిందా? మీ ఈగలు మా పాలతపేలా దాకా వస్తున్నాయి.”

“వస్తే మూత పెట్టుకో.”

సూర్యకాంతం నవ్వుకుంటూ పోయింది. రమణ నవ్వలేదు.

“ఎవరైనా పోయిన ఇంటి ముందే ముగ్గుండదు అత్తయ్యా. పొద్దున్నే తలుపు తీసి ఈ వాకిలి చూడాలంటే నాకు గుండె జారిపోతోంది. కాస్త కళ్ళాపి చల్లి నాలుగు గీతలు గీస్తాను.”

నాంచారమ్మ గబుక్కున కోడలి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. చీపురు లాక్కుని చూరులో దోపింది. పిల్ల కళ్ళనిండా నీళ్ళు చూశాక మాత్రం మెత్తబడింది.

“వాణ్ణి రానీ తల్లీ. పేడ నేనే తెస్తా. గడపకి పసుపు నేనే రాస్తా. నువ్వు వీధి మొగదాకా ముగ్గేసుకో.”

ఎండ వాలుతుండగా దడి దగ్గర అలికిడైంది. బుచ్చయ్యతో జతగా బండి తోలుకెళ్ళిన చిన్నప్ప. ఒక్కడే నడిచి వచ్చాడు. మోకాళ్ళదాకా దుమ్ము.

“బండ్లేవిరా?” నాంచారమ్మ గబగబా ఎదురెళ్ళింది.

“వెనకాల వస్తన్నాయి పెద్దమ్మా. రెండూ వస్తన్నాయి. నేను ముందు నడిచొచ్చా.”

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. “వచ్చేశాడే రమణా” అంటూ చూరులోని చీపురు తనే లాగింది. “పేడనీళ్ళు కలుపు. వాడు బండి దిగేసరికి వాకిలి అద్దంలా ఉండాలి.”

చిన్నప్ప ఆ మాటలు విన్నట్టు లేడు. గుమ్మందాకా పరుచుకున్న ఆకుల్ని, గడ్డిని, ముగ్గు లేని నేలను చూస్తూ నిలబడ్డాడు. బిగుసుకున్న అతని ముఖం మెల్లగా సడలింది. తలగుడ్డ తీసి రెండు చేతుల్లో పట్టుకున్నాడు.

“చీపురు పక్కన పెట్టు పెద్దమ్మా. ఈ మాట నా నోటితో ఎట్టా చెప్పాలా అని దారి పొడుగునా అడుగు పడలేదు. కబురు నాకంటే ముందే చేరిందని వాకిలి చూశాకే తెలిసింది. తోటి బండ్లవాళ్ళు తోలుకొస్తన్నారు, బండి రానీ. వాణ్ణి మోసుకెళ్ళాక ఊడుద్దువు గాని.”